హాజిరీ

జిన్నుకి బాదంపాలు కావాలి. పప్పు నానబెట్టడం, పొట్టు తీయడం, రుబ్బి కాచడం మాత్రం నజీమా పని.

బేస్తవారం వచ్చిందంటే ఆ ఇంట్లో పొద్దుట్నుంచే హడావుడి. కూతురు సనాకి క్యారేజీ కట్టి, భర్త హబీబుల్లా మెకానిక్ షెడ్డు నుంచి మోసుకొచ్చిన గ్రీజు చొక్కాలు సర్ఫులో నానేసి, అత్త కుల్సుంబీకి షుగరు బిళ్ళ చేతికిచ్చి, తను పనిచేసే స్కూలుకి పరుగెత్తే లోపల నజీమా బాదంపప్పుల పొట్టు తీస్తుంది. నానిన పప్పుని రెండు వేళ్ళ మధ్య నొక్కితే పొట్టు చేతిలో మిగిలి, తెల్లటి పప్పు జారి గిన్నెలో పడుతుంది. పప్పు జారినప్పుడల్లా ఆమెకి ఒకటే ఆలోచన. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక తన కోసం ఎవరైనా ఒక్క పప్పు పొట్టు తీశారా? సనా కడుపులో ఉన్నప్పుడు కూడా తీయలేదు. అప్పుడు కుల్సుంబీ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "బాదంపప్పులు తింటే పిల్ల ఎర్రగా పుట్టిద్దని ఎవరు చెప్పారే నీకు? జొన్నరొట్టె తిని నేను ఇద్దర్ని కనలా?"

ఇప్పుడు అదే కుల్సుంబీ వంటింటి గుమ్మంలోంచి గిన్నెలోకి తొంగి చూసి, "యాలక్కాయ మర్చిపోబాక. పోయినవారం వెయ్యలేదని కోప్పడ్డాడు" అంటుంది.

కోప్పడింది జిన్ను. ఆ జిన్ను ఉండేది నజీమా తోడికోడలు సాదియా మీద.

సాదియాది గురజాల. ఇంటర్ అవగానే హబీబుల్లా తమ్ముడు సుభానీకి ఇచ్చి నిఖా చేశారు. సుభానీ లారీ డ్రైవరు. మాచర్ల నుంచి నాపరాళ్ళు ఎక్కించుకుని ఎక్కడెక్కడికో వెళ్ళి, వీలున్నప్పుడు వినుకొండ వస్తాడు. అతను వచ్చిన రోజు ఇల్లంతా డీజిలు వాసన, మాంసం కూర వాసన. మొదటి ఏడాదంతా ఆ రోజుల్లో సాదియా వంటింట్లోంచి కదిలేది కాదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. "మొగుడు ఎదురుచూస్తంటే ఇంకా గిన్నెలేందే, పో లోపలికి" అని అత్త కేకేస్తే గాని చేతులు తుడుచుకునేది కాదు.

నిరుడు చలికాలంలో ఒక బేస్తవారం పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ, తలంటుకుని మేడమీద జుట్టు ఆరబెట్టుకుంటున్న ఆ పిల్ల మెట్లు దిగి వచ్చింది. అప్పుడే లారీ దిగి చెప్పులు విడుస్తున్న సుభానీని చూసింది. మగవాడి గొంతుతో, "ఒరేయ్, దీని ఒంటి మీద చెయ్యి పడిందంటే ఆ చెయ్యి ఉండదు" అని, నిలువునా పడిపోయింది.

బొల్లాపల్లి రోడ్డు నుంచి ఖలందర్ సాహెబుని పిలిపించారు. తాయెత్తులు కట్టే పెద్దాయన. లోబాన్ పొగ వేసి, నీళ్ళు ఊది చల్లి, ఉర్దూలో గద్దించాడు. "కౌన్ హై తూ?"

"తెలుగులో ఏడవరా," అంది సాదియాలోని గొంతు.

ఆ ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు నడుస్తాయి. కోపం వస్తే మాత్రం అందరిదీ తెలుగే. ఖలందర్ సాహెబు ఒక్క క్షణం తడబడినా గడ్డం సర్దుకుని, "ఇది మన కొండ మీద జిన్నే. తెలుగు జిన్ను" అని తేల్చేశాడు. మళ్ళీ మొదటినుంచి, ఈసారి మెత్తగా అడిగాడు. "ఎవరు నువ్వు? యాడ్నుంచి వచ్చావు? ఏం కావాలి నీకు?"

"ఆషిక్‌ని. గాలిలోంచి వచ్చా. ఈ పిల్ల కావాలి."

ఆషిక్ జిన్నంటే ప్రేమించిన జిన్ను. మిగతా జిన్నుల్ని కొట్టి పంపించొచ్చు, ఇతన్ని బతిమిలాడే పంపించాలి అన్నాడు ఖలందర్ సాహెబు. "మనసుపడ్డ ఆడదాని పక్కన మొగుణ్ణి కూడా ఓర్చుకోడమ్మా. మొండితనం చేస్తే మొగుడి పానానికే వచ్చిద్ది."

అంతే. ఆ రోజు నుంచి సాదియాకి మేడమీద గది. ఎండలు మొదలవగానే ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ ఆ గదికే ఎక్కింది. సుభానీ ఊళ్ళో ఉన్నా లారీ క్యాబిన్‌లో పడుకుంటాడు. జిన్ను ప్రతి బేస్తవారం మగ్రిబ్ తర్వాత వస్తాడు. దర్గాల దగ్గర దీన్ని హాజిరీ అంటారు. వచ్చినప్పుడు ఒక్కో హుకుం చేస్తాడు. బాదంపాలు అలా వచ్చినవే. మల్లెపూలూ అంతే. ఒకసారి, "దీని చేత అంట్లు తోమిస్తే ఊరుకోను" అన్నాడు. మర్నాటి నుంచి ఇద్దరి అంట్లూ నజీమావయ్యాయి.

జిన్నులున్నారని నజీమా నమ్ముతుంది. ఖురాన్‌లో ఉన్నదాన్ని కాదనే మనిషి కాదు. అయిదు పూటలా కుదరకపోయినా మూడు పూటలైనా నమాజు తప్పదు. ఆమె అనుమానం జిన్నుల మీద కాదు, బాదంపాల మీద.

నజీమా సైకాలజీ ఎం.ఏ. వాళ్ళ నాన్న వినుకొండ బస్టాండు దగ్గర కుట్టుమిషను తొక్కి చదివించిన డిగ్రీ ఒకటి, పెళ్ళయ్యాక దూరవిద్యలో వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని చదివిన ఎం.ఏ. ఒకటి. పుట్టింట్లోగాని అత్తింట్లోగాని ఆమెకి ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. ఆ చదువుకి హబీబుల్లా పెట్టిన పేరు పిచ్చోళ్ళ చదువు. షెడ్డులో ఎవరైనా అడిగితే, "మా ఇంట్లోది పిచ్చోళ్ళ మీద ఎం.ఏ. చేసింది, నేను చాలక" అని నవ్విస్తాడు.

అసూయ అనేది పుస్తకంలో మాట. నజీమాకి కలిగింది కుళ్ళు. కడుపులో పొయ్యి పెట్టినట్టు, అంట్లు తోముతుంటే మేడమీద కూలరు చప్పుడు వినపడి చేతిలో పీచు మరింత గట్టిగా తిరిగే కుళ్ళు. గది దొరికిందనీ, పాలు దొరికాయనీ కాదు. అవైతే ఆమె మర్చిపోగలదు. మర్చిపోలేనిది ఆ మూడో ప్రశ్న. ఏం కావాలి నీకు? పెద్ద గడ్డం ఉన్న మనిషి, మసీదులో మొదటి వరసలో నిలబడే మనిషి, చేతులు కట్టుకుని అడుగుతాడు. అత్త అడుగుతుంది. ఆడవాళ్ళు వండిన కూరలో ఉప్పు చూసి గిన్నె పక్కకి నెట్టేసే హబీబుల్లా కూడా గోడకి ఆనుకుని నిలబడి, "అడగండి, ఏం కావాలో అడగండి" అంటాడు. ఇన్నేళ్ళలో ఆయన తనని ఏం వండావని అడిగాడు, ఎక్కడ పెట్టావని అడిగాడు, ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. ఏం కావాలని అడిగిన రోజు ఎంత వెతికినా గుర్తు రాదు. పెళ్ళయిన కొత్తలో నజ్జూ అని పిలిచేవాడు. ఆ పిలుపు ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ఇప్పుడు 'ఏమే' అంటాడు. గదిలో లైటు ఆర్పడమే ఆయన అడగడం. చెయ్యి మీద పడ్డప్పుడు ఆమె రేపటి ఇడ్లీపిండి పులిసిందో లేదో ఆలోచిస్తుంది. వద్దని ఎన్నడూ అనలేదు. సరేనా అని ఎవరూ అడగనూ లేదు. ఆ పిల్లని మాత్రం గాలిలో తిరిగే వాడెవడో పరాయి చెయ్యి పడనివ్వనంతగా ప్రేమించాడు. ప్రేమించి, ఆమె తరఫున మొగుడితో ఒరేయ్ అన్నాడు, అత్తతో ఏమే అన్నాడు. అన్నందుకు ఎవరూ చెంప పగలగొట్టలేదు. పాలు తాగించారు.

"అమ్మీ, చాచీ మీదికి వచ్చినట్టు జిన్ను నీ మీదికెందుకు రాడు?" అని సనా ఒకరోజు అడిగింది.

"నాకు తీరిక లేదమ్మా," అంది నజీమా.

అన్నదే గాని ఆ మాట లోపల ఎక్కడో దిగబడిపోయింది. ఒక సాయంత్రం తలంటుకుంది. పెళ్ళినాటి అత్తరు సీసాలో అడుగున మిగిలినది చెవుల వెనక రాసుకుంది. ఆరబోసిన మిరపకాయలు ఎత్తే నెపంతో మేడెక్కి, మగ్రిబ్ అజా వినపడుతుండగా జుట్టు విరబోసుకుని కొండవైపు తిరిగి నిలబడింది. తాను చేస్తున్నదేమిటో తనకే నవ్వొచ్చింది. ఎం.ఏ. సైకాలజీ. అయినా కదల్లేదు. కొండ నల్లబడింది. గాలి వచ్చి జుట్టులో దూరింది. ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. అంతలో కింద నుంచి కుల్సుంబీ గొంతు వచ్చింది. "ట్యాంకు నిండి కారిపోతంది, మోటరు కట్టెయ్యవే."

జుట్టు ముడేసుకుని దిగింది. ఆ రాత్రి అంట్లు తోముతూ సాదియా మీద పళ్ళు నూరుకుంది.

స్కూల్లో ఆమె బల్ల మెట్ల కింద, జిరాక్స్ మిషను పక్కన ఉంటుంది. మీద 'విద్యార్థి కౌన్సెలర్' అని బోర్డు. కౌన్సెలింగ్ తప్ప మిగతా పనులన్నీ ఆ బల్ల దగ్గరికే వస్తాయి. అడ్మిషన్ల ఫోన్లు, బస్సుల లెక్క, రాని టీచర్ల క్లాసులు. పోయిన టర్ములో తొమ్మిదో తరగతి ఆడపిల్లలిద్దరు ఒకరిని వదిలి ఒకరు ఉండటం లేదని, పెద్దయ్యాక ఒకరినొకరు పెళ్ళి చేసుకుంటామంటున్నారని గొడవైంది. ప్రిన్సిపాల్ నజీమాని పిలిచి, "జబ్బని స్కూలు పేపరు మీద రాసివ్వమ్మా, కౌన్సెలింగ్‌తో మారుస్తామని కూడా రాయి. పేరెంట్స్‌కి చూపించాలి" అన్నాడు. "ఇది జబ్బు కాదు సార్. పుస్తకాల్లోంచి ఎప్పుడో తీసేశారు" అంది నజీమా. "పుస్తకాల్లోంచి తీసేశారేమో, మన ఊళ్ళోంచి తీయలేదుగా" అని ఆయన నవ్వాడు. ఆమె రాసివ్వలేదు. మర్నాటి నుంచి సాయంత్రం బస్సుల దగ్గర నిలబడే డ్యూటీ ఆమెకి పడింది. అందరికీ కావాల్సింది ఆమె చదువు కాదు, ఆ చదువు వేసే ముద్ర. ముద్ర ఎక్కడ వేయాలో వాళ్ళే చూపిస్తారు.

అసలు సంగతి నజీమాకి తెలిసింది మిరపకాయల కాలం అయిపోతున్నప్పుడు, ఒక హాజిరీలో. ఖలందర్ సాహెబు దువా చదువుతున్నాడు. సాదియా తల గిరగిర తిరుగుతోంది. జుట్టు నేలని ఊడుస్తోంది. మగవాళ్ళు గుమ్మం దాకా వెనక్కి జరిగారు. కుల్సుంబీ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. లోబాన్ గిన్నెలో నిప్పులు ఆరిపోతున్నాయని నజీమా కొత్త బొగ్గులు తెచ్చి సాదియా పక్కనే వంగింది. పట్టుకున్న బట్ట జారి వేడి గిన్నె వేలికి తగిలింది. అప్పుడు ఆ జుట్టు లోపలి నుంచి, మగగొంతు కాదు, రోజూ వినే సన్నటి గొంతు, ఆమెకి మాత్రమే వినపడేంత మెల్లగా వచ్చింది.

"ఆపా, చెయ్యి."

మరుక్షణం మళ్ళీ గర్జన. "పాలేయే? ఎంతసేపే ముసలీ?"

నజీమా వేలు నోట్లో పెట్టుకుంది. జిన్ను ఈ ఇంట్లో అందర్నీ ఒరే అన్నాడు, ఒసే అన్నాడు. తనని ఆపా, అక్కా, అని పిలిచే మనిషి సాదియా ఒక్కతే. దొరికింది. చేతికి చిక్కింది. వేలు మండుతుంటే లోపల చల్లగా ఉంది. ఒక్క మాట చెబితే కూలరు కిందికి దిగుతుంది. అంట్లు సగమవుతాయి. బాదంపప్పులు డబ్బాలో పడి ఉంటాయి.

మర్నాడు మేడమీద మిరపకాయలు సంచీకెత్తుతూ నజీమా, "ఆపా అన్నావు" అంది.

సాదియా తొడిమలు తుంచుతున్న చేతులు ఆగాయి. బుకాయిస్తుందనుకుంది నజీమా. బుకాయిస్తే తిట్టడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

"మొదటిసారి నాకు నిజంగా తెలీదాపా," అంది సాదియా తల ఎత్తకుండా. "లేచాక మీరు చెప్తేనే తెలిసింది. రెండోసారి సగం తెలుసు. ఎవరో మాట్లాడతంటే పక్కన నిలబడి వింటన్నట్టుంది. ఇప్పుడు పిలిస్తే వస్తాడు."

"నాటకం అన్నమాట."

"నాటకమో ఏందో. నువ్వు చదువుకున్నావు, నువ్వే చెప్పాలి."

"ఎందుకు చేశావే ఇట్టా? ఇంటెడు చాకిరీ నా నెత్తినేసి."

సాదియా మిరపకాయ తొడిమ తుంచి, మళ్ళీ ఇంకోటి తుంచి, చివరికి అంది. "ఆయన పక్కన నాకు ఊపిరాడదాపా. మొదట్నుంచీ అంతే. కొడతాడని కాదు. వద్దన్నా వినడు. ఆయనకి చెప్పా, నవ్వాడు. మా అమ్మకి చెప్పా. అలవాటైపోయిద్దిలే అన్నది. అత్తమ్మకి చెప్పా. సిగ్గులేదా అన్నది. నీకు కూడా చెప్దామని వంటింట్లోకి వచ్చేదాన్ని. నువ్వెప్పుడూ పనిలో ఉండేదానివి." మిరపకాయని సంచీలో పడేసి, "నేను వద్దంటే ఎవరూ ఆగలా. వాడు వద్దంటే అందరూ ఆగారు" అంది.

నజీమాకి జాలి రావాలి. వచ్చింది కూడా. కాని దాని వెనకే, తోసుకుంటూ, పాత కుళ్ళే మళ్ళీ వచ్చింది. నాకూ ఊపిరాడని రాత్రులున్నాయి గదా. నేను పడ్డాను గదా. నువ్వెందుకు పడవు? ఈ మాట మనసులో పూర్తయ్యాక ఆమె గుర్తుపట్టింది. ఇది తన గొంతు కాదు. కుల్సుంబీ గొంతు. జొన్నరొట్టె తిని నేను కనలా అన్న గొంతు. మిరపఘాటు పట్టిన చేతులు తెలియకుండా కళ్ళకి తగిలి నీళ్ళు కారాయి.

"నీకైతే వచ్చాడు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నాకెవరు వస్తారే?"

సాదియా మొదటిసారి తలెత్తి చూసింది. "నీకెందుకాపా జిన్ను? నువ్వు చదువుకున్నావు గదా."

వెక్కిరింత అనుకుందామంటే ఆ కళ్ళల్లో వెక్కిరింత లేదు. నిజంగా అలాగే అనుకుంటోంది ఆ పిల్ల. చదువుకున్న ఆడది వద్దంటే వింటారని.

ఆ తర్వాత సుభానీ ఊరుకున్న రోజులు ఎక్కువ లేవు. తోటి డ్రైవర్లు ఎగతాళి పట్టించారు. పెళ్ళాం ఇంకొకడితో ఉంటే నువ్వు క్యాబిన్‌లో దోమలు కొట్టుకుంటున్నావేందిరా, అదంతా నాటకంరా, అని. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, "ఇయ్యాళ తేలాల. భాభీ చెప్పనీ. ఆమె చదివింది ఇదేగా. ఆమె మాటే ఫైనల్" అన్నాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక కూర్చుందామని నిర్ణయమైంది.

అప్పటినుంచీ నజీమా విలువ ఆ ఇంట్లో ఒక్కసారి పెరిగింది. కుల్సుంబీ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, ఎన్నడూ లేంది ఉల్లిపాయలు తరిగింది. "నాటకమైతే నాటకమని చెప్పు బేటీ. నీకూ పని తగ్గిద్ది. ఒక్కదానివే సచ్చిపోతన్నావు, నాకు కనపడదా?" నజీమాకి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ కనపడుతూనే ఉందన్నమాట. హబీబుల్లా గదిలో, లైటు ఆర్పకముందే, "మెంటల్ డాక్టరు గిక్టరు అనబాక" అన్నాడు. "నరసరావుపేటలో ఆ బోర్డు కింద మనల్ని ఎవరన్నా చూస్తే ఖాందాన్ మొత్తం పిచ్చోళ్ళమైపోతాం. రేపు సనాకి సంబంధాలు రావద్దా? దర్గా చుట్టూ ఎన్నాళ్ళు తిరిగినా అడిగేవాడు లేడు. నాటకమని ఒక్క ముక్క చెప్పు, సుభానీ చూసుకుంటాడు. కూలరు మన గదిలోకి తెప్పిస్తా."

కూలరు. ఆ మాటకి నజీమా మనసు ఊగిందంటే ఊగింది. వినుకొండ ఎండలు ఎరిగినవాళ్ళకి అది చిన్న మాట కాదు. అబద్ధం చెప్పమని కూడా ఎవరూ అనడం లేదు. ఆపా అన్న మాట తను చెవులారా విన్నది. నిజమే చెప్పి కూలరు తెచ్చుకోవచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం. హబీబుల్లా, సుభానీ తెల్ల టోపీలతో సోఫాలో కూర్చున్నారు. కుల్సుంబీ దివాన్ మీద. సాదియా మేడమెట్ల మీద, చివరి మెట్టున, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. శుక్రవారం జిన్ను రాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ పిల్ల వైపు మాట్లాడే నాథుడు ఇవాళ లేడు.

నజీమా టీ ట్రేతో వచ్చి నిలబడింది. మగవాళ్ళు కూర్చున్న గదిలో ఆమె ఎప్పుడూ నిలబడే ఉంటుంది.

"చెప్పు," అన్నాడు హబీబుల్లా కప్పు అందుకుంటూ. "నాటకమా, కాదా? ఒక్క ముక్క."

మెట్ల మీంచి సాదియా చూస్తోంది. బతిమిలాడటం లేదు. ఆ రోజు మేడమీద చూసినట్టే చూస్తోంది, చదువుకున్న మనిషి వైపు.

నజీమా ట్రేని టీపాయ్ మీద పెట్టింది. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్చీ కాళ్ళు బండల మీద కీచుమన్నాయి.

"నాటకమైతే ఏం చేస్తావు సుభానీ?"

"ఏముంది భాభీ, గదిలోకి తీసుకుపోతా. నా పెళ్ళాం గదా."

"జబ్బయితే?"

"గురజాలలో దింపొస్తా. జబ్బు మనిషిని అంటగట్టారని వాళ్ళనే అడుగుతా."

"నిజంగా జిన్నే అయితే?"

సుభానీ ఇబ్బందిగా కదిలాడు. "వాడితో నేనేం పెట్టుకుంటా? పోయిందాకా దూరంగా ఉంటా. పానం మీదికి తెచ్చుకుంటానా?"

"అంటే వాడు వద్దంటే ఆగుతావు. అది వద్దంటే ఆగవు."

సుభానీ అన్న వైపు చూశాడు.

"అడిగింది అది కాదు గదా," అన్నాడు హబీబుల్లా. "నాటకమా, జబ్బా, జిన్నా? నీ పుస్తకంలో ఏముందో చెప్పు."

"నా పుస్తకంలో చానా ఉన్నాయి. దీనికి పెద్ద పేరే ఉంది. చెప్తే ఆ పేరు పెట్టి దాన్ని పుట్టింట్లో దింపుతారు, అందుకని చెప్పను. ఆ పిల్లకి ఇష్టం లేదు. సుభానీకి చెప్పింది. అత్తమ్మకి చెప్పింది. వినలేదు గాబట్టి వినే గొంతొకటి తెచ్చుకుంది. నాటకమనుకుంటారో, జిన్ననుకుంటారో మీ ఇష్టం. మేడమీద గది మాత్రం దానిదే. అది రమ్మంటే తప్ప సుభానీ ఆ మెట్లు ఎక్కడు. ఉంటుందో, వెళ్తుందో అదే చెప్పిద్ది. నరసరావుపేట డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తా, వస్తానంటేనే. బోర్డు కింద నేను కూర్చుంటా."

"ఏమే, ఏందే ఆ మాటలు?" హబీబుల్లా కప్పు ఠక్కున పెట్టాడు. "ఎవరి ముందు కూర్చుని మాట్లాడతన్నావు?"

"ఏమే అనొద్దు," అంది నజీమా. గొంతు పెంచలేదు. "నాకు పేరుంది. ఇంకో సంగతి. రేపట్నుంచి అంట్లు నేనొక్కదాన్నే తోమను. అది తోమిద్ది, నేను తోముతా, తిన్నవాళ్ళంతా తోముతారు."

హబీబుల్లా ముఖంలో కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. బేస్తవారాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డప్పుడు ఉండే చూపు. సుభానీ కాళ్ళు సోఫా కిందికి జరుపుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఈ గొంతు ఎవరూ వినలేదు. విననిది ఏదైనా వినపడితే ఏం చేయాలో ఆ ఇంటికి ఒక్కటే తెలుసు. కుల్సుంబీ దివాన్ దిగింది. మూలనున్న లోబాన్ గిన్నె చేతిలోకి తీసుకుంది. అందులో నిప్పు లేదు, నిన్నటి బూడిదే ఉంది. అయినా దాన్నే ముందుకి పట్టుకుని, కోడలికి కొంచెం దూరంలో ఆగి, ఖలందర్ సాహెబు అడిగే వరసలోనే, అంత మెత్తగానూ అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?"

నజీమా అత్తని చూసింది. గిన్నెని చూసింది. మెట్ల మీద సాదియా చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియడం లేదు.

"నజీమాని అత్తమ్మా."

"యాడ్నుంచి వచ్చావు?"

"వంటింట్లోంచి."

మూడో ప్రశ్న అడగడానికి కుల్సుంబీ హబీబుల్లా వైపు చూసింది. ఆయన సోఫాలోంచి ఎప్పుడు లేచాడో, గోడకి ఆనుకుని నిలబడి, అలవాటుగా, అడుగు అన్నట్టు తలూపాడు.

"ఏం కావాలి నీకు?"

ఈసారి ఎవరి మీదికో వచ్చిన వాణ్ణి కాదు, తననే అడిగారు. తీరిగ్గా చెప్పాల్సిన మాట. నజీమా కుర్చీలో వెనక్కి జరిగి, టీపాయ్ మీద చల్లారుతున్న కప్పుల్లోంచి ఒకటి తనకి తీసుకుంది.

"చెప్తా," అంది. "చానా ఉన్నాయి. కూర్చోండి."